పూరిల్లు గీస్తే అట్టపెట్టెలా ఎందుకు వస్తోంది? 18వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లె డ్రాయింగుల గురించి

మీరు ఒకే ప్రశ్నలో నాలుగు అడిగారు. మీ బంధువులు లండన్ నుంచి తెచ్చిన ఫ్రేములో గోధుమరంగులో వేసిన పల్లెటూరి పూరిల్లు, పక్కన పెద్ద చెట్టు ఉన్నాయి. కింద ఎవరో పెన్సిల్‌తో "1780 ప్రాంతం" అని రాశారు. అలాంటి ఇళ్ళు నిజంగా ఉండేవా, ఎదురుగా కూర్చుని గీశారా, ఊహించి గీశారా? అన్నీ గోధుమరంగులోనే ఎందుకుంటాయి? అదే తీరులో మీరు గీస్తుంటే ఇల్లు అట్టపెట్టెలా వస్తోంది, ఏం చేయాలి? చివరగా, మీ దగ్గరున్నది చేత్తో వేసిందా, ప్రింటా? అన్నీ చెబుతాను గానీ మీరు అడిగిన వరసలో కాదు. ఎందుకంటే అట్టపెట్టె సమస్యకు జవాబు మొదటి ప్రశ్నలోనే ఉంది.

ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో పల్లె ఇళ్ళను గీసినవాళ్ళు దాదాపు రెండు రకాలు. వాళ్ళ పని వేరు, చెయ్యి వేరు. మీరు ఒక రకం బొమ్మ ముందు పెట్టుకుని రెండో రకం పద్ధతిలో గీస్తున్నట్టున్నారు.

మొదటి రకానికి పాల్ శాండ్‌బీని చెప్పుకోవాలి. ఈయన చెయ్యి సర్వే పనిలో తిరిగింది. 1745లో స్కాట్లండ్‌లో తిరుగుబాటు లేచి, మరుసటి ఏడు అణిగిపోయాక, ఆ కొండ ప్రాంతాలకు సరైన మ్యాపులే లేవని లండన్ ప్రభుత్వానికి తెలిసొచ్చింది. 1747లో సైనిక సర్వే మొదలైంది. శాండ్‌బీ అందులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కొండ ఎంత ఎత్తు, వాగు ఎటు తిరిగింది, వంతెన ఎక్కడుంది అన్నవి తప్పు పోకుండా కాగితం మీద పెట్టడం ఆయన ఉద్యోగం. ఖాళీ దొరికితే ఊళ్ళో జనాన్ని, ఇళ్ళను గీసుకునేవాడు. తర్వాత విండ్సర్ చుట్టుపక్కల చాలా గీశాడు. 1768లో లండన్‌లో చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ మొదలైనప్పుడు అందులో వ్యవస్థాపక సభ్యుడు. అదే ఏడు వూలిచ్ సైనిక అకాడమీలో డ్రాయింగ్ మాస్టరుగా చేరి, పాతికేళ్ళకు పైగా కుర్ర ఆఫీసర్లకు గీయడం నేర్పాడు. ఫొటో లేని కాలం కదా, సైనిక ఇంజనీరుకు డ్రాయింగ్ రాకపోతే పనే జరగదు.

ఈ రకం బొమ్మలో ముందు పెన్సిల్‌తోనో పెన్నుతోనో సన్నని అవుట్‌లైన్ ఉంటుంది. దాని మీద బూడిదరంగు వాష్‌తో, అంటే నీళ్ళు కలిపి పలచగా పూసే రంగుతో, నీడలు వేస్తారు, ఆపైన పలచగా రంగులు అద్దుతారు. ఇంటికి కిటికీలెన్నో లెక్కపెట్టుకోవచ్చు. గోడలో కట్టె ఎక్కడ కట్టెను పట్టుకుందో కనిపిస్తుంది.

రెండో రకానికి థామస్ గెయిన్స్‌బరో. 1727లో సఫోక్ జిల్లాలోని సడ్‌బరీలో పుట్టాడు. 1759లో బాత్ నగరానికి, 1774లో లండన్‌కు మకాం మార్చాడు. కడుపు నింపింది పోర్ట్రెయిట్లు, మనసు మాత్రం చెట్ల మీద, బండిదారుల మీద, పూరిళ్ళ మీద. ల్యాండ్‌స్కేప్ డ్రాయింగులను అమ్ముకోవడం కంటే స్నేహితులకు ఊరికే ఇచ్చేయడమే ఎక్కువ. 1764 ప్రాంతంలో లార్డ్ హార్డ్‌విక్ అనే పెద్దమనిషి ఫలానా చోటు చూసి బొమ్మ వేసివ్వమని అడిగితే గెయిన్స్‌బరో మర్యాదగా తప్పుకున్నాడు. ఈ దేశంలో ఉన్నదున్నట్టు గీయదగ్గ దృశ్యం తనకు ఇంతవరకు కనిపించలేదని, అలాంటిది కావాలంటే శాండ్‌బీ తగినవాడని ఆ ఉత్తరంలో రాశాడు. రెండు రకాల మధ్య తేడాను గెయిన్స్‌బరోనే అంత సూటిగా చెప్పాక మనం కొత్తగా చెప్పేదేముంది?

మరి ఆయన ఏం చూసి గీసేవాడు? కుర్రతనంలో సఫోక్‌లో ఆరుబయట కూర్చుని చాలానే గీశాడు. పెద్దయ్యాక ఎక్కువగా సాయంత్రాలు ఇంట్లో, కొవ్వొత్తి వెలుతురులో. బల్ల మీద బెండు ముక్కలు, బొగ్గు గడ్డలు పేర్చి ముందుభాగం చేసేవాడు. వాటి వెనక ఇసుక, బంకమట్టి. నాచుతో పొదలు, దూరంగా కనిపించే అడవికి బ్రకోలీ పువ్వులు. నీళ్ళ కోసం అద్దం ముక్కలు. ఇది పుకారు కాదు. ఆయన చనిపోయిన 1788లోనే అకాడమీ అధ్యక్షుడు జాషువా రేనాల్డ్స్ తన ఉపన్యాసంలో ఆ రాళ్ళను, ఎండు మొక్కలను, అద్దం ముక్కలను ప్రస్తావించాడు. ఆయన గీస్తుండగా పక్కన నిలబడి చూసిన వాళ్ళు చెప్పిన ఇంకో సంగతి కూడా ఉంది. పుల్లకు కట్టిన స్పాంజి ముక్కతో నీడలు వేసేవాడు. చక్కెర తీసుకునే చిన్న పటకారుతో సుద్దముక్కను పట్టుకుని వెలుగు చుక్కలు పెట్టేవాడు.

అందుకని ఆ పూరిళ్ళు పూర్తిగా ఊహ అనలేం, నిజమూ అనలేం. చిన్నప్పటి నుంచి చూసిన ఇళ్ళన్నీ చేతిలో ఉన్నాయి. ఈ సాయంత్రం కాగితం మీద ఎక్కడ వెలుగు కావాలంటే అక్కడ ఒక ఇల్లు నిలబెట్టాడు. మీరు వర్ణించిన బొమ్మలో తలుపు సరిగా కనిపించదని, కప్పు ఎక్కడ ఆగి చెట్టు ఎక్కడ మొదలైందో తెలియదని రాశారు. అది ఈ రెండో కుటుంబానికి చెందిన బొమ్మ. దాన్ని శాండ్‌బీ పద్ధతిలో అవుట్‌లైన్‌తో మొదలుపెడితే అట్టపెట్టె రాక ఏం వస్తుంది?

ఫ్రాన్స్‌లోనూ ఇదే తంతు. బూషే అనే చిత్రకారుడు పల్లె ఇళ్ళ డ్రాయింగులు చాలా వేశాడు. అందులో కొంత పారిస్, బోవే ఊళ్ళ పరిసరాల్లో చూసిందే. కొంత మాత్రం అంతకు వందేళ్ళ ముందటి డచ్చి చిత్రకారుడు బ్లూమార్ట్ బొమ్మల నుంచి నేర్చింది. 1735లో ఆ బ్లూమార్ట్ డ్రాయింగులను చూసి చెక్కిన ప్రింట్లను పుస్తకంగా కూడా తెచ్చాడు. ప్రకృతి మరీ పచ్చగా ఉందని, వెలుతురు బాగా పడటం లేదని బూషే అన్నట్టు ఒక కథ చెప్పుకుంటారు. అన్నాడో లేదో గానీ ఆయన బొమ్మలు చూస్తే అనే ఉంటాడనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో సరదాగా గీసుకునే పెద్దింటి యాత్రికులైతే ఇంకో అడుగు ముందుకేశారు. క్లాడ్ గ్లాస్ అని, కాస్త ఉబ్బెత్తుగా, నల్లగా ఉండే చిన్న చేతి అద్దం ఉండేది. కొండకు వీపు పెట్టి నిలబడి, ఆ అద్దంలో కొండను చూసేవాళ్ళు. అందులో రంగులు అణిగి, వెలుగు నీడలు ముద్దలుగా కనిపిస్తాయి. 1769లో థామస్ గ్రే అనే కవి సరస్సుల ప్రాంతంలో అలా అద్దం చూసుకుంటూ నడిచి బురద దారిలో వెల్లకిలా పడ్డాడు. వేలి కణుపులు తప్ప ఏమీ చితకలేదని ఆయనే రాసుకున్నాడు. నవ్వొస్తుంది గానీ ఆ అద్దం చేసే పని మీకు పనికొస్తుంది. ఫోనులో ఫొటోను బ్లాక్ అండ్ వైట్ చేసి, కాంట్రాస్ట్ పెంచి, కళ్ళు సగం మూసి చూడండి. అదే క్లాడ్ గ్లాస్.

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. మీ ఫ్రేములోది ప్రింటైనా సరే, భూతద్దం పెట్టి కప్పు ఒక్కదాన్నే పది నిమిషాలు చూడండి.

ఆ ఇళ్ళ కప్పు గోధుమ గడ్డితోనో రెల్లుతోనో నేసింది. వాన నీరు నిలవకుండా వాలు 45 డిగ్రీలకు పైనే పెడతారు. మన తాటాకు పాకకూ అంతే వాలు ఎందుకుంటుందో మీకు తెలుసు. కప్పు పాతబడితే మొత్తం ఊడదీయకుండా మీద కొత్త గడ్డి పొర వేసేవాళ్ళు. తరాలు గడిచేకొద్దీ కప్పు మందమెక్కి, అంచులు గుండ్రమైపోతాయి. కింద వాసాలు బరువుకు వంగుతాయి, కొప్పు మధ్యలో కుంగుతుంది. గోడ చూస్తే ఓక్ కర్రల చట్రం, మధ్యలో సన్నని కొమ్మలతో అల్లిన తడిక, దాని మీద గడ్డి, పేడ కలిపిన మట్టి, పైన సున్నం. మట్టి రాలిన చోట తడిక బయటపడుతుంది. అంటే ఇంటి నిర్మాణంలోనే తిన్నని గీత ఎక్కడా మిగల్లేదు. మీరు స్కేలు పట్టకపోయినా, మనసులో స్కేలు పెట్టుకుని కొప్పు గీస్తున్నారు. అదే మొదటి తప్పు.

డ్రాయింగులో చూరు గీత చూడండి. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే గీత ఉండదు. వెలుగు పడే వైపు తెగిపోతుంది, కాగితమే చూరుగా మిగిలిపోతుంది. చూరు కింద మాత్రం బొమ్మ మొత్తంలోకెల్లా చిక్కటి నలుపు పడుతుంది. మందమైన గడ్డి కింద పడే నీడ అది. ఆ నలుపు పట్టీ ఉంటే చాలు, పైనున్నది మందమైన కప్పని కన్ను దానంతటదే ఒప్పేసుకుంటుంది. చిత్రకారుడు గడ్డి పోచలు ఒక్కొక్కటే గీయడు. నీడ వైపున పై నుంచి కిందకు నాలుగైదు జారు గీతలు వేస్తాడు, అవి కూడా వంకరగా. వెలుగు వైపు ఖాళీగా వదిలేస్తాడు. పొగగొట్టం కొద్దిగా పక్కకు ఒరిగి ఉంటుంది. తలుపు ఉన్న చోట ఒక చీకటి మచ్చ, అందులో సగం మాత్రమే కనిపించే మనిషి. ఇంటి ఒక మూలను చెట్టు గానీ పొద గానీ తప్పకుండా మింగేస్తుంది. నాలుగు మూలలూ కనిపించే ఇల్లు ఈ బొమ్మల్లో దాదాపు ఉండదు.

రంగు సంగతికొస్తే, గోధుమరంగు అని మనం చూసేది ఒకే సిరా కాదు. కనీసం మూడున్నాయి, వాటిలో ఒకటి గీసిన రోజున గోధుమరంగే కాదు.

అది మాచికాయ సిరా. ఓక్ చెట్టు మీద పురుగు కుట్టిన చోట వచ్చే కాయలను దంచి నానబెట్టి, అన్నభేది కలిపి, బంక చేర్చి చేస్తారు. ఉత్తరాలు, దస్తావేజులు అన్నీ ఈ సిరాతోనే రాసేవాళ్ళు, ఇంట్లో ఎప్పుడూ ఉండేది. రాసిన కొత్తలో నల్లగా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. చిక్కగా పడ్డ చోట కాగితాన్నే తినేస్తుంది. మన కలంకారీలో నలుపు పుట్టేదీ ఈ లెక్కతోనే. కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుపముక్కలు బెల్లం నీళ్ళలో నానబెట్టిన ద్రవం తగలగానే నలుపు తేలుతుంది. మచిలీపట్నం వైపు నుంచి 18వ శతాబ్దంలో ఓడలెక్కిన పాత బట్టల్లోనూ నల్ల గీతలున్న చోట బట్ట ముందుగా చివికిపోయింది. కాబట్టి 250 ఏళ్ళ నాటి గోధుమరంగు పెన్ను గీత చూసి "ఆహా, ఎంత వెచ్చటి రంగు ఎంచుకున్నాడు" అని మురిసిపోయే ముందు కాస్త ఆగాలి. అది కాలం ఎంచిన రంగు కావచ్చు.

రెండోది బిస్టర్. బీచ్ చెట్టు కట్టెలు కాల్చిన పొగగొట్టంలో పేరుకున్న మసిని నీళ్ళలో మరిగించి, వడగట్టి తీస్తారు. ఇది మొదటి నుంచీ గోధుమరంగే. పలచగా కలిపితే బంగారు ఛాయ వస్తుంది, వాష్‌కు చాలా బాగుంటుంది. మూడోది సెపియా. కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి సంచిలో ఉండే సిరా అది. డ్రాయింగులో దీని వాడకం శతాబ్దం చివర్లోనే, 1780 తర్వాతే బాగా వ్యాపించింది. ఇప్పుడు జనం గోధుమరంగు కనిపిస్తే చాలు సెపియా అంటున్నారు. ఫోన్ ఫిల్టర్ల పుణ్యం.

వీటికి తోడు నల్ల చాక్, ఎర్ర చాక్, తెల్ల చాక్. గ్రాఫైట్ ఇంగ్లండ్ కంబర్లండ్‌లోని బారోడేల్ గని నుంచి వచ్చేది, ఖరీదైన సరుకు. ఇప్పటి పెన్సిల్‌లో ఉండేలా గ్రాఫైట్ పొడిని మట్టితో కలిపి కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్స్‌లో కాంటే కనిపెట్టాడు. ఇంగ్లండ్‌తో యుద్ధం వల్ల వాళ్ళకు సరుకు ఆగిపోయింది మరి. నీటిరంగుల బిళ్ళలు కూడా అప్పుడే వచ్చాయి. లండన్‌లో రీవ్స్ అన్నదమ్ములు చేసిన బిళ్ళలకు 1781లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వెండి పలక బహుమతి ఇచ్చింది. అంతకుముందు రంగు నూరుకోవడం ఎవరికి వాళ్ళే. బిళ్ళ జేబులోకి వచ్చాకే ఆరుబయట రంగు వేయడం సులువైంది.

గెయిన్స్‌బరో కిటుకు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1773లో ఎక్సెటర్‌కు చెందిన విలియం జాక్సన్ అనే సంగీతకారుడైన స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, తెల్ల సీసంతో వెలుగులు పెట్టి, కాగితాన్ని వెన్న తీసిన పాలలో ముంచి ఆరబెట్టడం గురించి వివరించాడు. పాలు ఆరితే చాక్ రాలదు, దాని మీద మళ్ళీ సిరా వేయొచ్చు. ఈ గుట్టు ఎవరికీ చెప్పొద్దని కూడా రాశాడు. మీరు మాత్రం తెల్ల సీసం జోలికి పోకండి, అది విషం. తెల్ల పాస్టెల్ చాలు.

ఇక పాడుబడ్డ ఇళ్ళే ఎందుకు అన్నది. మీరు అడగలేదు గానీ ఇది చెప్పకపోతే బొమ్మ సగమే అర్థమవుతుంది.

విలియం గిల్పిన్ అనే పాదరి 1770లో వై నది వెంట పడవలో ప్రయాణం చేసి, ఆ పుస్తకాన్ని 1782లో అచ్చేశాడు. ఏ దృశ్యం బొమ్మకు పనికొస్తుంది, ఏది పనికిరాదు అని యాత్రికులకు నేర్పిన పుస్తకమది. టింటర్న్ మఠం శిథిలాల దగ్గర నిలబడి ఆయన బాధేమిటంటే, గోడల త్రికోణపు కొసలు మరీ తీరుగా ఉండి కంటికి గుచ్చుకుంటున్నాయట. చెక్క సుత్తితో అక్కడక్కడ జాగ్రత్తగా కొడితే బాగుంటుందని, కానీ అంత ధైర్యం ఎవరికుందని రాశాడు. శిథిలం ఇంకా చాలినంత శిథిలం కాలేదన్నమాట! ఆ చూపు మఠాల నుంచి పూరిళ్ళకు పాకింది. 1797లో జాన్ థామస్ స్మిత్ పూరిళ్ళను చూసి చెక్కిన 20 ఎచింగులతో (రాగి రేకు మీద గీతలను ఆమ్లంతో తినిపించి తీసే ప్రింట్లు) పుస్తకమే తెచ్చాడు. నాచు పట్టిన కప్పు, అతుకుల తలుపు, విరిగిన కంచె ఎందుకు అందమో అందులో వాదించాడు. అప్పటికి ఇరవై దాటిన జాన్ కానిస్టబుల్ తన సఫోక్ ఊళ్ళలో పూరిళ్ళు వెతికి గీసి స్మిత్‌కు పంపేవాడు. తర్వాతి శతాబ్దపు మహా చిత్రకారుడికి మొదటి హోంవర్క్ అదే.

అందం సరే, ఆ ఇంట్లో ఉన్నవాడికి కప్పు కారుతోంది. ఈ మాట అనకుండా ఆ బొమ్మలను పొగడటం నాకు ఇబ్బందిగా ఉంటుంది. అదే కాలంలో పార్లమెంటు చట్టం మీద చట్టం చేసి ఊరుమ్మడి భూములకు కంచె వేయించింది, పేదవాడి ఆవు మేసే చోటు పోయింది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూనమ్ కోర్ట్‌నే ఊరిని 1760 ప్రాంతంలో ఎర్ల్ హార్కోర్ట్ తన తోటకు అడ్డమని తీయించి, జనాన్ని రోడ్డు పక్కన వరస ఇళ్ళలో పెట్టాడు. డోర్సెట్‌లో లార్డ్ మిల్టన్ ఇంకా పెద్ద ఊరినే లేపేశాడు. అక్కడ కొత్తగా కట్టించిన గడ్డి కప్పుల వరస ఇళ్ళు ఇప్పుడు టూరిస్టుల క్యాలెండర్లకు ఎక్కాయి. ఫ్రాన్స్‌లో అయితే 1783 నుంచి వెర్సాయ్ తోటలో రాణి మేరీ ఆంటోనెట్ కోసం ఏకంగా పల్లెటూరే కట్టారు. కొత్త గోడల మీద పగుళ్ళు, రాలిన గచ్చు ఉన్నట్టు రంగులతో వేయించారు. గెయిన్స్‌బరోను మాత్రం ఈ గుంపులో కలపను. ఆయన ఇళ్ళ ముందు ఎప్పుడూ మనుషులుంటారు, పిల్లలుంటారు, వాళ్ళు అలిసిపోయి ఉంటారు. గిల్పిన్‌కు ఆ మనుషులు అడ్డం, గెయిన్స్‌బరోకు కాదు.

మన వైపు సంగతి అడుగుతారని చెబుతున్నాను. ఇలాంటి డ్రాయింగు నేర్చిన చేతులే కంపెనీతో పాటు ఇక్కడికీ వచ్చాయి. థామస్, విలియం డానియెల్ 1792లో మద్రాసు నుంచి దక్షిణాన తిరిగారు, గీయడానికి కెమెరా అబ్‌స్క్యురా పెట్టె, అంటే ఎదుటి దృశ్యాన్ని కటకంతో కాగితం మీద పడేసే పెట్టె, వాడారు. 1783లో మద్రాసు వచ్చిన ఇంజనీరు కాలిన్ మెకంజీ నైజాం రాజ్యంలో సర్వే చేశాడు. 1798లో అమరావతి స్తూపం దగ్గరికి వెళ్ళాడు. 1816 తర్వాత ఆయన మనుషులు గీసిన అమరావతి శిల్పాల డ్రాయింగులు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఆ శిల్పాల్లో కొన్నింటికి ఆ కాగితమే మిగిలిన సాక్ష్యం. ఇది శాండ్‌బీ వంశం, సర్వే చెయ్యి. తాటాకు పాకను గెయిన్స్‌బరోలా కూర్చుని గీసినవాడు వాళ్ళలో నాకు కనిపించడు. గుళ్ళు, కోటలు గీసే తొందరలో పాకలు మూలకు పోయాయి.

అందుకే మీరు ప్రాక్టీసుకు ఇంగ్లండ్ ఇల్లు కాపీ కొట్టొద్దంటాను. మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో పాత పెంకుటిల్లు గానీ, పశువుల పాక గానీ, గడ్డివాము పక్కన కొట్టం గానీ చూడండి. ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం ఎండలో మన దగ్గర గోడ, కప్పు రెండూ తెల్లబోతాయి. చూరు కింద నీడ తప్ప ఏమీ దొరకదు.

కాగితం లేత గోధుమరంగులో గానీ బూడిదరంగులో గానీ తీసుకోండి. తెల్ల కాగితమే ఉంటే ముందు రోజు పలచటి టీ డికాషన్ వాష్ వేసి ఆరబెట్టండి, ప్రాక్టీసుకు చాలు. సైజు చిన్నది, అరచేతికి రెండింతలు మించొద్దు. పెన్ను పక్కన పెట్టేయండి. పెద్ద బ్రష్‌తో, బాగా పలచటి సిరాతో, నీడలో ఉన్నదంతా ఒకే ముద్దగా వేయండి. చెట్టు నీడ, గోడ నీడ, నేల నీడ వేరు చేయొద్దు, అన్నీ కలిసిపోనివ్వండి. వెలుగు పడ్డ కప్పును, గోడను ముట్టుకోకుండా వదిలేయండి. ఆరాక ఇంకాస్త చిక్కటి వాష్‌తో రెండో పొర వేయండి, చూరు కింద, తలుపులో, చెట్టు మొదట్లో మాత్రమే. ఈ దశలో కాగితాన్ని గోడకు ఆనించి దూరం నుంచి చూడండి. ఇల్లు అక్కడ ఉందని తెలుస్తోందా? తెలిస్తే పని ముప్పావు వంతు అయిపోయింది. తెలియకపోతే పెన్నుతో బాగుచేయాలని చూడకండి, ఇంకో కాగితం తీయండి.

పెన్ను చివర్లో. అదీ నీడ వైపు అంచుల్లో, కొప్పు కుంగిన చోట, పొగగొట్టం లేదా దూలం కొస దగ్గర. గీత మధ్యలో చెయ్యి లేపండి. తర్వాత తెల్ల పాస్టెల్ ఒకటి రెండు చోట్ల, గోడ మీద ఎండ సూటిగా తగిలిన దగ్గర. మూడో చోట పెట్టాలనిపిస్తే ఆపేయండి. చూరు వంకర పోయిందని, రెండు వైపులా కప్పు సమానంగా లేదని టెన్షన్ పడకండి. పర్‌స్పెక్టివ్ మొత్తంగా తప్పనంతవరకు ఆ వంకరే ఇంటికి వయసు తెస్తుంది.

ఈ రెండు పద్ధతులనూ ఒకే గదిలో నేర్చుకున్న కుర్రాళ్ళ కథ కూడా ఉంది. 1790లలో లండన్‌లో డాక్టర్ థామస్ మన్రో అనే ఆయన సాయంత్రాలు తన ఇంటికి యువ చిత్రకారులను పిలిచి, తన దగ్గరున్న డ్రాయింగులను కాపీ చేయించేవాడు. కొంచెం డబ్బు, రాత్రి భోజనం పెట్టేవాడు. గర్టిన్ అవుట్‌లైన్ గీస్తే, టర్నర్ వాష్ వేసేవాడట. ఇద్దరూ 1775లో పుట్టినవాళ్ళే. నా దగ్గర నేర్చుకునేవాళ్ళను నేను ఇప్పటికీ అలా జంటలుగా కూర్చోబెడతాను. ఒకరి గీత మీద ఇంకొకరు వాష్ వేస్తే, ఏ గీత అనవసరమో గీసినవాడికి వెంటనే తెలిసిపోతుంది.

ఆ మన్రో పేరు మీ నాలుగో ప్రశ్నకూ కావాలి. ఆయన గెయిన్స్‌బరో తీరులో వందలకొద్దీ వేశాడు. గెయిన్స్‌బరో మేనల్లుడు డ్యుపాంట్, ఇప్స్‌విచ్‌లో జార్జ్ ఫ్రాస్ట్ కూడా అదే తీరు. గెయిన్స్‌బరో తన డ్రాయింగుల మీద సంతకం పెట్టడం తక్కువ. కాబట్టి కింద పెన్సిల్‌తో రాసిన సంవత్సరాన్ని, పేరును వెంటనే నమ్మకండి.

ముందు అది చేత్తో వేసిందో కాదో చూడాలి. భూతద్దం కింద వాష్ ఉన్న చోట వరసగా చిన్న చుక్కలు కనిపిస్తే ఈ కాలపు ఆఫ్‌సెట్ ప్రింటు, అక్కడితో సరి. చుక్కలు వరసలో లేకుండా, సన్నని తెల్ల మచ్చల చుట్టూ సిరా వల అల్లినట్టుంటే అక్వాటింట్ కావచ్చు, అంటే రాగి రేకు మీద ఆమ్లంతో వాష్‌లాంటి ఛాయలు తెచ్చి తీసే ప్రింటు. ఇంగ్లండ్‌లో ఆ పద్ధతిని 1775లో వేల్స్ దృశ్యాలతో ప్రచారంలోకి తెచ్చింది మన శాండ్‌బీనే. గీత చాక్ గీతలా గరుకుగా ఉండి, బొమ్మ చుట్టూ రాగి రేకు నొక్కిన పల్లం చేతికి తగిలితే సాఫ్ట్ గ్రౌండ్ ఎచింగ్. గెయిన్స్‌బరో స్వయంగా చేసిన అలాంటి ప్రింట్లు ఆయన పోయాక 1797లో బాయ్‌డెల్ కంపెనీ అచ్చేసింది. అదే అయితే ప్రింటైనా విలువైనదే. నిజమైన వాష్ అయితే బ్రష్ ఆగిన చోట చిక్కటి అంచు ఉంటుంది, కాగితం కొద్దిగా ముడతపడి ఉంటుంది.

తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. దగ్గర దగ్గరగా అడ్డగీతలు, వాటికి నిలువుగా దూరం దూరంగా ఇంకొన్ని గీతలు కనిపిస్తే పాత అచ్చులో తీగల మీద తీసిన కాగితం. గీతలేవీ లేకుండా నునుపుగా ఉంటే వోవ్ కాగితం. అది ఇంగ్లండ్‌లో 1757 ప్రాంతంలో వాట్‌మన్ మిల్లు నుంచి వచ్చింది, డ్రాయింగుకు బాగా వాడకంలోకి వచ్చింది శతాబ్దం చివర్లో. వాటర్‌మార్కులో, అంటే వెలుతురుకు పడితే కాగితంలో కనిపించే మిల్లు గుర్తులో, సంవత్సరం ఉంటే అంతకుముందు గీసింది కాదని ఖాయం. పెన్ను గీతలున్న చోట వెనక వైపు గోధుమరంగు దిగి ఉంటే మాచికాయ సిరా అనుకోవచ్చు. అప్పుడు దాన్ని మడవకండి, తడి బట్ట తగలనివ్వకండి, ఎండ పడే గోడ నుంచి ఈ రోజే తీసేయండి.

ఫ్రేము మీరే విప్పొద్దు. పాత బొమ్మలకు ఫ్రేములు కట్టడం తెలిసినవాళ్ళ దగ్గర విప్పించండి. వెనక అట్ట మీద దుకాణం లేబుల్, వేలం నంబరు, ఎవరి పేరైనా ఉంటే చింపనివ్వకండి. ముందు వైపు, వెనక వైపు, వెలుతురుకు పట్టినప్పుడు, మూడు ఫొటోలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. కప్పు అంచు దగ్గర ఒక క్లోజప్ కూడా పెట్టండి.